మబ్బు రోజు ట్రిప్ షీటు

9, మంగళవారం

ఈ ఉదయం 6:40కి నాన్న పోయారు. వయసు డెబ్బై ఎనిమిది. గుండెపోటు. ఆస్పత్రికి చేరేసరికి 6:25. పదిహేను నిమిషాలు ప్రయత్నించారు.

ఆ నిమిషానికి తమ్ముడు మా అందరికీ నాలుగు వందల ఇరవై కిలోమీటర్ల పైన ఉన్నాడు. అంతరిక్ష కేంద్రంలో వాడికిది ఎనిమిదో రోజు. పదమూడున దిగాలి. ఇంటికి చేరడానికి ఇంకో రోజు.

ఇది పేపర్లో వేసేది కాదు. వరస పాటించక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల విలేకరి అలవాటు, చెయ్యి వినదు. ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోకి వచ్చేసింది.

7:30కి కంపెనీ డాక్టరుకి ఫోన్ చేశాను. ఇది ప్రభుత్వం పంపిన యాత్ర కాదు, కంపెనీ పంపింది. కమాండర్ ఒక్కడే ఆ పనిలో పండినవాడు. మిగతా ముగ్గురూ ఏడాది తర్ఫీదు తీసుకుని వెళ్లిన మామూలు మనుషులు. నలుగురి ఆరోగ్యం చూసేదీ, రోజూ ఒక్కొక్కరితో విడిగా మాట్లాడేదీ ఈవిడే. కబురు విని టైము అడిగి రాసుకుంది. తర్వాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"పంతొమ్మిదో ప్రశ్న మేడమ్. యాత్రలో ఉండగా కుటుంబంలో ఎవరైనా చనిపోతే... 'దిగాకే చెప్పాలి' అన్నచోట టిక్కు ఉంది. కింద ఆయన సంతకం."

"అవును. సంతకం ఉంది."

"అయితే నేను చెప్పను. మీరూ చెప్పకూడదు. ఒక్క సంగతి. ఆయన సూటిగా అడిగితే మాత్రం మేం అబద్ధం ఆడం. అది మా పద్ధతి."

సూటిగా అడగడు. అడగడానికి కారణం ఉండాలిగా.

ఆస్పత్రివాళ్లు నాన్నని మార్చురీలో పదహారు సాయంత్రం ఆరు దాకా ఉంచుతామన్నారు. తమ్ముడు పద్నాలుగుకి వస్తాడు. పదిహేనున అంత్యక్రియలు. సరిపోతుంది.

మరదలు పక్కనే ఉండి అంతా వింది. తమ్ముడు పైకి వెళ్లినప్పటి నుంచి నేను వీళ్లింట్లోనే ఉంటున్నాను, నాన్నకి తోడుగా. ఏడ్చింది. మొహం కడుక్కొచ్చి అడిగింది:

"మీ తమ్ముడు నిజంగా అలా రాశారా వదినా?"

"సంతకం ఉంది కదమ్మా."

నన్ను కాసేపు చూసి, గ్లాసులు కడగడానికి వెళ్లింది. కడిగిన గ్లాసులే.

9, సాయంత్రం

నాన్న ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపారు. తమ్ముడు వెళ్లిన రోజు నుంచి ఆయన మళ్లీ డ్యూటీ ఎక్కారు. అంతరిక్ష కేంద్రం మా ఊరి మీదుగా ఎన్నింటికి వెళ్తుందో కంపెనీవాళ్లు నెల జాబితా ఇచ్చారు. అది ఫ్రిజ్ మీద అంటించి ఉంది. ఆ టైముకి నాన్న టార్చి పట్టుకుని మేడ ఎక్కేవారు. చుక్కలా వచ్చి నాలుగైదు నిమిషాల్లో దాటిపోతుంది. టార్చి మూడుసార్లు ఆర్పి వెలిగించేవారు. దాన్ని డిప్పర్ కొట్టడం అనేవారు. ఎదురొచ్చే బండికి మర్యాదట. కిందికి దిగి, బస్సు టైములు రాసే పాత ట్రిప్ షీటు వెనక్కి తిప్పి రాసేవారు. తేదీ, టైము, ఎటునుంచి ఎటు, వచ్చిందా లేదా.

"రోజుకి పదహారు ట్రిప్పులు కొడతాడు, ఒక్క స్టాపులోనూ ఆపడు. ఇదేం సర్వీసే?" అనేవారు నాతో.

ఆఖరి వరస నిన్నటిది. 8. 7:07. వాయవ్యం నుంచి ఆగ్నేయం. రైట్ టైమ్. డిప్పర్ కొట్టాను.

ఇవాళ 6:18కి ఉంది. ఎవరూ మేడ ఎక్కలేదు.

10, బుధవారం

8:10కి కుటుంబం కాల్. పదిహేను నిమిషాలు. ముందుగదిలో లాప్‌టాప్ ముందు నేనూ మరదలూ కూర్చున్నాం. నాన్న కుర్చీని పక్కగదిలోకి జరిపాను.

తమ్ముడి మొహం దిండులా ఉబ్బి ఉంది. అక్కడ అందరికీ అంతేనట.

"అక్కా, జుట్టు దువ్వుకుని రావచ్చుగా. అంతరిక్షం నుంచి కాల్ అంటే కాస్త గౌరవం ఉండొద్దూ?"

"నీ జుట్టు చూసుకో ముందు. షాకు కొట్టిన పిల్లిలా ఉన్నావు."

వాడు పనిచేసే గాజు ఫ్యాక్టరీ ఒక చిన్న యంత్రం ఇచ్చి పంపింది. బరువు లేనిచోట గాజు తీగ తీస్తే లోపాలు లేకుండా వస్తుందో లేదో చూడాలి. ఏడు మీటర్లు తెగకుండా వచ్చిందట. చిన్నప్పుడు గాలిపటం చూపించినట్టు చూపించాడు.

"నాన్న ఏరి?"

"ఆస్పత్రిలో ఉన్నారు," అన్నాను. "చెకప్‌లు."

"మళ్లీ మాత్రలు మానేశారా? నా తరఫున గట్టిగా నాలుగు తిట్టు."

"తిడతాలే."

మరదలు తలదించుకుని పాప స్కూలు గురించి ఏదో చెప్పింది. పాప అమ్మమ్మ ఇంట్లో ఉంది. దానికీ చెప్పలేదు.

ఆస్పత్రిలో ఉన్నారన్నది అబద్ధం కాదు. నాన్న ఆస్పత్రిలోనే ఉన్నారు.

11, గురువారం

పొద్దున్నించీ మబ్బు. దిగేచోట సముద్రం బాగాలేదని యాత్ర ఒక రోజు పొడిగించారు. పద్నాలుగున దిగుతారు, పదిహేనుకి ఇంటికి. అంత్యక్రియలు పదహారున. ఇంకా సరిపోతుంది. ఆఫీసుకి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు దిగే రోజు మొదటి పేజీకి నేనే రాయాలని ఎడిటర్ అన్నాడు. "ఇంటి మనిషి రాస్తే ఆ రుచే వేరు" అన్నాడు. సరేనన్నాను.

12, శుక్రవారం

ఇది జరిగింది జరిగినట్టు రాయాలి.

కాల్ 8:20కి మొదలైంది. నాన్న ఇంటికొచ్చారనీ, ఇంకా నిద్రపోతున్నారనీ నేనే ముందు చెప్పేశాను. అడక్కుండానే.

"పడుకోనీలే. ట్రిప్ షీటు తీసుకురా. నిన్నటిది చదువు."

అది ఎప్పుడూ ఉండే ఆటే. పైకి వెళ్లినప్పటి నుంచీ ప్రతి కాల్‌లోనూ నాన్న ఆ షీటు చదివేవారు, వీడు పైనుంచి ఆలస్యానికి సంజాయిషీ చెప్పేవాడు. ఒక్క సెకను కూడా ఆలస్యం కాకపోయినా.

షీటు తెచ్చాను. రాత ఉన్న వైపు నాకు, అచ్చు ఉన్న వైపు కెమెరాకి. ఎనిమిదో తేదీ తర్వాత ఏమీ లేదు. ఫ్రిజ్ మీది జాబితాలో టైము వస్తూ వస్తూ చూసుకున్నాను.

"పదకొండు. 6:12. వాయవ్యం నుంచి ఆగ్నేయం. రైట్ టైమ్. డిప్పర్ కొట్టాను."

వాడు నవ్వలేదు.

"నిన్నా?"

"నిన్నే."

"6:12కి?"

"అవున్రా. ఇక్కడ రాసి ఉంది."

పైనుంచి మాట రావడానికి ఎలాగూ ఒక క్షణం పడుతుంది. ఈసారి ఎక్కువ పట్టింది.

"అక్కా, నిన్న 6:12కి నేను కిటికీ దగ్గరే ఉన్నాను. మన ఊరి దీపం ఒక్కటీ కనపడలేదు. సముద్రం అంచుదాకా ఒకటే మబ్బు."

మరదలు నా మోచెయ్యి పట్టుకుంది.

"మధ్యలో కాస్త విడిచిందేమో," అన్నాను.

"ఊఁ." తర్వాత, "సరే, ఉంటాను అక్కా. టైమ్ అయిపోయింది."

అవలేదు. తెర మూలన ఇంకా నాలుగు నిమిషాలు చూపిస్తోంది.

మబ్బు రోజున నాన్న 'మబ్బు' అని రాస్తారు. రాని బండిని వచ్చిందని రాసే మనిషి కాదు. అది నాకు తెలుసు, వాడికీ తెలుసు. పైగా మబ్బని నేను ఈ డైరీలోనే నిన్న రాసుకున్నాను. రాసుకుని, ఈ ఉదయం జాబితా చూసి చదివాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఇలాంటి పనే చేశాను. పురపాలక సమావేశానికి వెళ్లకుండా, ముందు ఇచ్చిన అజెండా చూసి, ఏం తీర్మానించారో రాసేశాను. తీరా కోరం లేక సమావేశం వాయిదా పడింది. అప్పటి ఎడిటర్ అరవలేదు. సవరణ నా చేతే రాయించాడు. మొదటి వాక్యంలో తప్పు, రెండో వాక్యంలో ఎవరి తప్పో ఉండాలన్నాడు. మూడో వాక్యం అక్కర్లేదన్నాడు.

13, శనివారం

పంతొమ్మిదో ప్రశ్న గురించి రాద్దామని కూర్చున్నాను. రాయలేదు. సంతకం వాడిదే.

14, ఆదివారం

మళ్లీ వాయిదా. సముద్రంలో అలలు తగ్గలేదు. పద్దెనిమిదిన దిగుతారట.

ఆస్పత్రికి ఫోన్ చేశాను. పదహారు సాయంత్రం ఆరు. ఆ పైన వీల్లేదు.

8:15కి కాల్. తమ్ముడు నాన్న మాట ఎత్తలేదు. ట్రిప్ షీటు అడగలేదు. కమాండర్ గురకపెడతాడనీ, గోడకి కట్టేసి పడుకోబెట్టినా ఆ గురక గదంతా తిరుగుతుందనీ చెప్పాడు. మేం నవ్వాం. వాడు మా వెనకాల గదిని చూస్తూ చెప్పాడు. కుర్చీ ఉండే చోటు.

చివర్లో, "మీరందరూ జాగ్రత్త," అన్నాడు. అందరూ అన్న మాటని కాస్త నెమ్మదిగా అన్నాడు. లేక నాకే అలా వినపడిందేమో.

కాల్ అయ్యాక మరదలితో అన్నాను, అడగలేదంటే వాడికీ ఇప్పుడు తెలుసుకోవాలని లేదేమో అని. ఆ టిక్కు సరైనదే అయి ఉంటుందని.

బట్టలు మడతపెడుతోంది. చేతిలోది పక్కన పెట్టింది.

"వదినా, ఆయనతో పంతొమ్మిదేళ్లు కాపురం చేశాను. తాళం చెవి కనపడకపోతే ఇల్లంతా లేపే మనిషి. అడగటం లేదంటే తెలిసిపోయిందనే."

"తెలిస్తే అడుగుతాడుగా."

"ఎవర్ని అడగమంటారు? మిమ్మల్నా? ఏం చదువుతారో అని భయం."

ఆ మాట అని మళ్లీ మడతలు పెట్టుకుంది.

సాయంత్రం డాక్టరు ఫోన్. మూడు రోజులుగా తమ్ముడు మూడు గంటలకి మించి నిద్రపోవడం లేదు. నిన్న యంత్రంలో గాజు కడ్డీ తిరగేసి పెట్టాడట. నాలుగు నెలలు సాధన చేసి, కళ్లు మూసుకుని కూడా చేయగలిగిన పని. తీగ తెగిపోయింది.

"ఇదివరకు రోజూ వాళ్ల నాన్నగారి సంగతి ఏదో ఒకటి చెప్పేవారు మేడమ్. డిప్పర్ అంటే ఏంటో నాకు ఆయనే చెప్పారు. శుక్రవారం నుంచి ఆ మాటే లేదు. నేను అడగలేను. మీరు ఏమన్నా అన్నారా?"

"లేదండీ," అన్నాను.

15, సోమవారం

రేపు సాయంత్రం ఆరులోపు అంత్యక్రియలు అయిపోవాలి. తమ్ముడు లేకుండా, తమ్ముడికి తెలియకుండా. ఇది రెండోసారి.

రాస్తాను.

పైకి వెళ్లే ముందు కంపెనీ ఇచ్చిన కాగితాలు ఇరవై ఏడు పేజీలు. తమ్ముడు బల్లకి అటువైపు కూర్చుని, మంటలు రేగితే ఏ మాస్కు ఎటు లాగాలో బట్టీ పడుతున్నాడు. "నువ్వే నింపేయ్ అక్కా, జీవితమంతా ఊళ్లోవాళ్ల గురించి రాశావు, ఒకసారి నా గురించి రాయి," అన్నాడు. నింపాను. రక్తం గ్రూపు, చెప్పుల సైజు, పడని మందులు. పంతొమ్మిదో ప్రశ్నకి మూడు జవాబులున్నాయి. వెంటనే చెప్పాలి. దిగాకే చెప్పాలి. నా తరఫున ఫలానావారు నిర్ణయిస్తారు. వాడు బల్లకి అటువైపే ఉన్నాడు. అడిగితే ఒక్క నిమిషం పట్టేది. అడగలేదు. రెండోదానికి టిక్కు పెట్టాను. చివరి పేజీ వాడి ముందుకి జరిపితే చదవకుండా సంతకం చేశాడు.

టిక్కు నాది. వాడి మంచికే అనుకున్నాను.

అమ్మ పోయినప్పుడూ అదే అనుకున్నాను. అప్పుడు వాడికి ఇరవై. హాస్టల్లో ఉన్నాడు, ఇంకా మూడు పరీక్షలు మిగిలి ఉన్నాయి. నాన్న అప్పటికప్పుడు వెళ్లి తీసుకొస్తానని చెప్పులు వేసుకున్నారు. నేను ఆపాను. ఏడాది పోతుంది నాన్నా, వద్దు అన్నాను. అమ్మని వాడు లేకుండానే పంపేశాం. పరీక్షలయ్యాక వచ్చి, సంచి భుజాన ఉండగానే అడిగాడు: "నాకు చెప్పొద్దని ఎవరన్నారు?"

"నేనే," అన్నారు నాన్న.

నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. తమ్ముడు పదకొండు నెలలు నాన్నతో మాట్లాడలేదు. ఆ పదకొండు నెలల్లోగానీ, తర్వాత ఇరవై ఆరేళ్లలోగానీ నాన్న ఆ ఊసు ఎత్తలేదు. నాతో కూడా. నేనూ ఎత్తలేదు.

9:40కి డాక్టరుకి ఫోన్ చేసి టిక్కు సంగతి చెప్పాను. శుక్రవారం ఏం చదివానో అదీ చెప్పాను.

"అంటే ఆ ప్రశ్నకి ఆయన జవాబే ఇవ్వలేదు," అంది. విసుగు లేదు గొంతులో, జాలీ లేదు. "జవాబు లేకపోతే మేం ఆయన్నే అడగాలి."

"అడిగితే తెలిసిపోతుందిగా?"

"తెలిసిపోతుంది. అందుకే అడిగేది ఇంటివాళ్లయితే మంచిది. రేపు ఉదయం 7:25కి విడిగా కాల్ పెడతాను. ఇరవై నిమిషాలు. రికార్డింగ్ ఉండదు. నేను కలిపి తప్పుకుంటాను. కమాండర్‌కి ముందే చెప్పి ఉంచుతాను, పిలిస్తే వచ్చేంత దూరంలో ఉంటాడు." తర్వాత అడిగింది: "మీరు చెప్తారా, వాళ్లావిడ చెప్తారా?"

"నేను చెప్తాను."

తర్వాత మరదలి దగ్గరికి వెళ్లాను. వంటింట్లో ఉంది. చెప్పడం మొదలుపెట్టాను, సగంలో ఆపేసింది.

"నాకు తెలుసు వదినా."

"ఏం తెలుసు?"

"డాక్టరుగారు టిక్కు అన్నారుగా మంగళవారం. ఫోన్ స్పీకర్లో పెట్టారు మీరు. మీ తమ్ముడు జన్మలో టిక్కు పెట్టరు. సున్నా చుడతారు. కిరాణా చీటీలో కూడా సున్నాలే."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అడిగానుగా. నిజంగా ఆయనే రాశారా అని." పొయ్యి ఆపింది. "మీరు చెప్తారులే అని ఊరుకున్నాను. ఆరు రోజులు పడుతుందనుకోలేదు."

అమ్మ సంగతీ చెప్పాను. అది ఆమెకి తెలియదు. విని గిన్నె మీద మూత పెట్టింది.

"మామయ్య ఎప్పుడూ అనలేదే," అంది.

"అనలేదు."

"ఆయనకి చెప్తారా రేపు? అది కూడా?"

ఇరవై నిమిషాలు ఉన్నాయన్నాను. అది జవాబు కాదని ఆమెకి తెలుసు. టీ గ్లాసు నా ముందు పెట్టి తను కూడా కూర్చుంది.

15, సాయంత్రం

6:00కి మేడ ఎక్కాను. టార్చి పట్టుకున్నాను. పడమట ఇంకా వెలుతురుంది. పక్కింటావిడ బట్టలు తీస్తూ, నాన్నగారు రాలేదేం అని అడిగింది. పోయారండీ, మంగళవారం ఉదయం, అన్నాను. ఇంట్లోవాళ్లకీ డాక్టరుకీ తప్ప ఇంకొకరికి ఆ మాట చెప్పడం ఇదే మొదటిసారి. ఆవిడ చేతిలో బట్టలన్నీ అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

సగం ఆకాశం మబ్బు. వాయవ్యం వైపు తెరిపి ఉంది. 6:01కి చుక్క వచ్చింది, నిమిషంన్నర కనపడి మబ్బులోకి పోయింది. మూడుసార్లు వెలిగించాను. మూడోసారికి అది లేదు.

కిందికి వచ్చి షీటు పూర్తి చేశాను. 9, చూడలేదు. 10, చూడలేదు. 11, మబ్బు. 12, 13, 14, చూడలేదు. 15, 6:01, సగం దూరం, తర్వాత మబ్బు. నా రాత నాన్న రాత కింద పొడుగ్గా, అడ్డదిడ్డంగా ఉంది. వాడు చూస్తే పోల్చుకుంటాడు. రేపు కెమెరాకి రాత ఉన్న వైపే పెడతాను.

ఎడిటర్‌కి ఫోన్ చేసి మొదటి పేజీకి నేను రాయనని చెప్పాను. కారణం చెప్పాను. కుర్చీ మళ్లీ ముందుగదిలో పెట్టాం, నేనొకవైపు, మరదలొకవైపు పట్టుకుని.

చెప్పాల్సింది ఒక కాగితం మీద రాసుకున్నాను. నాన్న తొమ్మిదో తేదీ ఉదయం 6:40కి పోయారు. నీకు చెప్పొద్దన్నది నేను. అమ్మ పోయినప్పుడూ నేనే.

మూడో వాక్యం అక్కర్లేదని ఆ ఎడిటర్ అన్నాడు. దాన్ని ఒకసారి కొట్టేశాను. మళ్లీ రాశాను.

రేపు, 16, మంగళవారం:

ఉదయం 7:25, కాల్. ఇరవై నిమిషాలు.

8:00, ఆస్పత్రికి ఫోన్. అంత్యక్రియల టైము తమ్ముడు చెప్పినదాన్నిబట్టి. సాయంత్రం ఆరులోపు.

సాయంత్రం 6:43, వాయవ్యం నుంచి ఆగ్నేయం. వెళ్లి చూడాలి.